గోడ మీది ముగ్గురు నివాసులు

తలుపు తూర్పుకు ఉండాలా, ఉత్తరానికి ఉండాలా అన్నది ఆ ఇంట్లో పదకొండు రోజులైనా తేలలేదు. తలుపు ఇంకా లేదు. తలుపు పెట్టవలసిన గదీ లేదు. అయినా మద్దిలేటి తూర్పును వదల్లేదు, ఈశ్వరమ్మ ఉత్తరాన్ని వదల్లేదు.

"తూర్పుకు పెడితే గోడ మూడడుగులు తీయాల. గోడ తీయాలంటే మునిసిపాలిటీకి పోవాల. ఉత్తరానికి పెడితే ఎవుర్నీ అడిగే పని లేదు. వంటింట్లోంచి నాలుగడుగులు. అత్తకు సుళువు," అంది ఈశ్వరమ్మ చింతపండు పిసుకుతూ.

"స్నానాల గది తలుపు వంటింటికి ఎదురా? శాస్త్రం ఒప్పుకోదు."

"శాస్త్రం ఎక్కుతుందా రోజూ మెట్లు? ఎక్కేది అత్త."

"మీరిద్దరూ తూర్పూ ఉత్తరం పంచుకునేలోపల నేను దక్షిణానికి పోతా. అప్పుడు గది కట్టే పనే ఉండదు," అంది సుంకులమ్మ వంటింటి గడప మీద నుంచి.

సుంకులమ్మ మద్దిలేటి తల్లి. డెబ్భై ఆరేళ్లు. నాలుగేళ్ల కింద రాళ్లదిన్నె పురపాలక సంఘం రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇంటి ముందున్న స్నానాల గదీ మరుగుదొడ్డీ రోడ్డులో కలిసిపోయాయి. అప్పటినుంచి ఆ ఇంటికి అవి మిద్దె మీదే. పదహారు మెట్లు. సుంకులమ్మ మెట్లకు వీపు పెట్టి, కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టే వెనక్కు ఎక్కుతుంది. దిగేటప్పుడూ అంతే, కూర్చునే. పోయిన నెల తొమ్మిదో మెట్టు దగ్గర చెయ్యి జారి మూడు మెట్లు దొర్లింది. మడమ వాచి ఇరవై రోజులు మంచం మీద ఉంది. అప్పుడు ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు, పెరట్లో కింద గది కట్టాలని. తలుపు దగ్గర ఆగిపోయారు.

మద్దిలేటి మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ముప్పై ఏళ్లుగా కాగితాల మధ్య ఉన్న మనిషి కనుక కాగితం లేని పని అంటే ఆయనకు నిద్ర పట్టదు. పన్నెండో రోజు ఎవరికీ చెప్పకుండా పెరటి తూర్పు గోడ తీయడానికి అర్జీ పెట్టి వచ్చాడు.

ఆ గోడ సున్నం, సిమెంటు లేకుండా నాపరాళ్లు పేర్చి కట్టింది. మద్దిలేటి తాత నాటిది. రాయికీ రాయికీ మధ్య సందులు. ఆ సందుల్లో ఒక తొండ ఉంది. అది అక్కడ ఉన్నట్టు ఈశ్వరమ్మకు తెలుసు, సుంకులమ్మకు తెలుసు. పురపాలక సంఘానికి అప్పటిదాకా తెలియదు.

ఆ సంవత్సరం పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పట్టణంలో ఏ గోడ కూల్చాలన్నా ముందుగా ఆ గోడలో ఎవరు నివసిస్తున్నారో నమోదు చేయాలి, వారి అభ్యంతరాలు తెలుసుకోవాలి, ఆ తర్వాతే 'జీవజాల నిరభ్యంతర పత్రం' ఇవ్వాలి. ఆ పని కుళాయి పన్ను విభాగం నుంచి బదిలీ అయిన హుస్సేన్ పీరాకు అప్పగించారు. సర్వీసులో ఇరవై ఆరేళ్లు నిండిన మనిషి, ఫారం ఉంటే తప్ప పెన్ను మూత తీయడు.

పీరా మొదట ఉదయం ఏడు గంటలకు వచ్చాడు. ఎండ ఇంకా గోడ మీద పడలేదు. తొండ రాయికి కరుచుకుని, మసిగుడ్డలా నల్లగా, కళ్లు సగం మూసుకుని ఉంది. చలికి అది ఆ వేళప్పుడు కదలదు.

పీరా నాలుగు బారల దూరంలో నిలబడి ఫారం నింపాడు. నివాసి నంబరు: ఒకటి. రంగు: నలుపు. గుర్తింపు చిహ్నం: తోక కొస లేదు. తర్వాత గొంతు సవరించుకుని గోడతో అన్నాడు, "ఈ గోడ తీసేదానికి నీకేమన్నా అభ్యంతరం ఉందా?" మూడుసార్లు అడిగాడు, ఫారంలో మూడుసార్లు అడగమని ఉంది కనుక. తొండ పలకలేదు. 'అభ్యంతరం లేదు' అని రాసుకుని వెళ్లాడు.

రెండోసారి పదకొండింటికి వచ్చాడు. అప్పటికి రాళ్లు కాలుతున్నాయి. తొండ గోడ పైరాయి మీదికెక్కింది. మెడనుంచి నడుము దాకా పండుమిరపకాయ ఎరుపు, పక్కలకు నల్లటి చార. చైత్రం నుంచి శ్రావణం దాకా అది దాని పెళ్లి బట్ట. పీరాను చూడగానే ముందు కాళ్ల మీద లేచి దండీలు తీయడం మొదలుపెట్టింది. తల పైకీ కిందికీ, పైకీ కిందికీ.

"సరే సరే అంటాండాడు. రాసుకో నాయనా," అంది సుంకులమ్మ సంతోషంగా.

మనవరాలు నాగవేణి డిగ్రీ రెండో సంవత్సరం, జంతుశాస్త్రం. మొన్ననే ఆ పాఠం అయింది. "కాదు జేజీ, అది సరేననడం కాదు. ఇది నా చోటు, నువ్వు అవతలికి పో అని చెప్పడం. మగ తొండ ఇంకెవర్నీ రానీదు."

పీరా పెన్ను ఆపాడు. "అంటే అభ్యంతరం ఉన్నట్టేనా పాపా?"

"గట్టిగా ఉన్నట్టు," అంది నాగవేణి. చదివిన చదువు ఇంట్లో పనికొచ్చిన మొదటి రోజు అది. తల్లి చూసిన చూపుకు మిగతా పాఠం మింగేసింది. అప్పటికే ఫారంలో ఎక్కిపోయింది. నివాసి నంబరు: రెండు. రంగు: ఎరుపు. తోక కొస లేదు. అభ్యంతరం: గట్టిగా ఉన్నది.

మూడోసారి సాయంత్రం ఐదింటికి. అంతకు ముందే పక్కింటి పిల్లి గోడెక్కి తొండను తరిమింది. అది ఎండుగడ్డి రంగుకు పాలిపోయి సందు మూతిలో నక్కి ఉంది. పీరా నోరు తెరవగానే లోపలికి దూరిపోయింది. నివాసి నంబరు: మూడు. రంగు: గడ్డి రంగు. తోక కొస లేదు. 'సమాధానం చెప్పక నిష్క్రమించెను.'

ఈశ్వరమ్మ టీ ఇచ్చింది. "పీరన్నా, మూడూ ఒగటేనప్పా. పొద్దున్నే చలికి నల్లబడతాడు, ఎండెక్కితే ఎర్రబడతాడు, బెదిరితే తెల్లబడతాడు. ఐదేండ్లుగా అంట్లు తోముకుంటూ చూస్తాండా. తోక కొస నా కండ్ల ముందే కాకి తెంపింది."

"నాకు తెల్దా అక్కా. నేనూ ఈ ఊరోన్నే, నేను చూడని తొండనా? అయితే ఫారం చూడు. ఒక్కో రాకకు ఒక్కో వరుస. వరుసకొక నంబరు ముందే అచ్చేసినారు. ఒక నంబరు కొట్టేస్తే ఎందుకు కొట్టేసినావని నన్నడుగుతారు. ఇద్దరు ఎక్కువుంటే ఎవురూ అడగరు."

ఆ చివరి మాట ఒక్కటే తప్పయింది.

*

వారం తర్వాత జీవజాల పర్యవేక్షణాధికారి కమలనాభం గొడుగు పట్టుకుని స్వయంగా వచ్చాడు. పీరా రిజిస్టరు మోస్తూ వెనక నిలబడ్డాడు.

"ముగ్గురు నివాసులలో ఒకరు సమ్మతించిరి, ఒకరు తీవ్రముగా అభ్యంతరపెట్టిరి, ఒకరు దాటవేసిరి. ఏకాభిప్రాయము కొరవడిన దృష్ట్యా ముగ్గురినీ కూర్చోబెట్టి విచారణ జరపవలసియున్నది," అన్నాడు కమలనాభం. ఆయన మాట్లాడినా రాసినట్టే ఉంటుంది. "పిలవండి."

పదకొండున్నర. గోడ మీద ఎర్రటి తొండ దండీలు తీస్తోంది.

"రెండో నంబరు హాజరు. మిగతా ఇద్దరు?"

ఈశ్వరమ్మ చెప్పింది. చలి, ఎండ, పిల్లి, అన్నీ వరసగా చెప్పింది. కమలనాభం ఓపికగా విన్నాడు.

"అమ్మా, రిజిస్టరులో ముగ్గురున్నారు. గోడ మీద ఒకరున్నారు. రిజిస్టరు ప్రభుత్వానిది. గోడ తమరిది. లోపం ఎక్కడున్నట్టు?"

"తోక చూడండి సార్. కొస లేదు. మీ రిజిస్టరులో ముగ్గురికీ కొస లేదు. ముగ్గురికీ కాకులే తెంపినాయా?"

అది ఈశ్వరమ్మ దగ్గరున్న అన్నిటికంటే గట్టి సాక్ష్యం. కమలనాభం రిజిస్టరు అందుకుని మూడు వరుసలూ వేలితో చదివాడు. ముఖం గంభీరమైంది.

"ముగ్గురికీ లేదు," అన్నాడు నెమ్మదిగా. "ఒకే ఆవరణలో, ఒకే రీతిగా, ముగ్గురికీ. పీరా, ఇది నాకెందుకు ముందుగా చెప్పలేదు?"

నాలుగో రోజు నోటీసు వచ్చింది.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమరి ఆవరణ యందు నమోదైన ముగ్గురు నివాసులలో ఇద్దరు విచారణకు గైర్హాజరైనందునను, ముగ్గురి తోకలకును కొసలు లేకుండుట యాదృచ్ఛికమని భావించుటకు వీలులేనందునను, పదిహేను దినములలోగా గైర్హాజరైన నివాసులను హాజరుపరచి, తోకల విషయమై సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల తమరి ఆవరణలో ఏ దిక్కునను, ఏ నిర్మాణమునకును, ఎన్నటికిని అనుమతి ఉండదు.'

"ఏ దిక్కునను," అని ఈశ్వరమ్మ మళ్లీ చదివింది. మొగుడి వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువైంది మద్దిలేటికి.

"నన్ను ఆఫీసులో ఏమనుకుంటారే? ముప్పై ఏండ్ల సర్వీసు. తోకలు కోసినోడని..."

"తోకలు పోనీరా," అంది సుంకులమ్మ మెట్ల దగ్గర చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ. "నా సంగతేంది? ఆ గది ఇంక లేనట్టేనా?"

సుంకులమ్మ మొదటి మెట్టు మీద కూర్చుని వెనక్కు ఎక్కడం మొదలుపెట్టింది.

*

ఆదివారం మద్దిలేటి టిఫిన్ క్యారియరు తీసుకుని కొండకు పోయాడు. చీపురుపుల్లకు దారం ఉచ్చు కట్టి తొండను పట్టే విద్య పదేళ్ల వయసులో వచ్చింది, యాభై మూడో ఏట పోలేదని ఆయనకే ఆశ్చర్యం. మధ్యాహ్నానికి మోకాళ్లు చీరుకుని, రెండు మగ తొండలతో తిరిగొచ్చాడు. ఒకటి పై గిన్నెలో, ఒకటి కింది గిన్నెలో.

"వీటికి తోకలున్నాయి," అంది నాగవేణి మూత తీసి చూసి. "పొడుగ్గా."

ఆ సంగతి మద్దిలేటి దారంతా ఆలోచిస్తూనే వచ్చాడు. బీరువాలోంచి కత్తెర తెచ్చుకుని క్యారియరు ముందు కూర్చున్నాడు. రిజిస్టరు ప్రకారం ముగ్గురికీ తోక కొస ఉండకూడదు. తోకలు కోయలేదని రుజువు చేసుకోవాలంటే రెండు తోకలు కోయాలి. అరగంట కూర్చున్నాడు. గిన్నెలోని తొండ ఆయనను చూసి గొంతు ఉబ్బించింది. కత్తెర తీసుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టేసి వచ్చాడు.

"కొసలున్నా ఫరవాలేదు. తలకాయలు లెక్కకొస్తే చాలు," అని రెంటినీ గోడ మీద వదిలాడు.

ఇంటివాడు, ఆ గోడ తొండ, పైరాయి మీద ఉన్నాడు. కొత్తవాళ్లను చూసి కాళ్లు నిటారుగా చేసి లేచాడు. పక్కలు నొక్కుకుని పలచగా, పెద్దగా అయ్యాడు. గొంతు సంచి దించాడు. పన్నెండు దండీలు తీశాడు, నాగవేణి లెక్కపెట్టింది. మొదటి తొండ మూడింటికి బదులిచ్చి, నాలుగోది తీయకుండానే రంగు దిగిపోయి గోడ దూకి పక్కింట్లో పడింది. రెండోది నిలబడింది. ఇద్దరూ పక్కపక్కన చేరి తోకలతో కొట్టుకున్నారు. కొస లేని తోకే గెలిచింది. పావుగంటలో గోడ మీద మళ్లీ ఒకడే ఉన్నాడు, అంతకుముందుకంటే ఎర్రగా.

"ఎవుర్నీ ఉండనీడు వీడు," అన్నాడు మద్దిలేటి ఖాళీ క్యారియరు పట్టుకుని.

"వాని గోడ. ఏల ఉండనిస్తాడు?" అంది ఈశ్వరమ్మ. ఆ మాట అని, వంటింట్లోకి పోయి, పోపుల డబ్బా కింద పెట్టిన నోటీసు తీసి ఇంకోసారి చదివింది. హాజరుపరచవలెను అని ఉంది. అందరినీ ఒకేసారి అని లేదు.

సోమవారం ఉదయం తనే మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లింది.

"సార్, ముగ్గురూ ఉన్నారు. తప్పు మాదే. మీరు పదకొండున్నరకు వచ్చినారు, అది రెండో నంబరు టైము. ఒకటో నంబరు పొద్దున్నే ఏడుకొస్తాడు. మూడో నంబరు సాయంత్రం వస్తాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు సార్."

కమలనాభం కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. ఇన్నాళ్లకు ఆ ఇంటివాళ్లు దారికొచ్చారని ఆయనకు తృప్తి కలిగింది.

"ఇది మొదటే చెప్పవలసినది కదమ్మా."

మంగళవారం ఆయన మూడుసార్లు వచ్చాడు. ఏడింటికి నల్లటివాణ్ణి, పదకొండింటికి ఎర్రటివాణ్ణి చూసి టిక్కు పెట్టాడు. ఐదింటికి పాలిపోయినవాడు కావాలి కనుక, ఈశ్వరమ్మ ఐదుకు ఐదు నిమిషాల ముందు పక్కింటి పిల్లికి గోడ దగ్గర పాలు పోసింది. మూడో టిక్కు కూడా పడింది.

"తోకల విషయం సార్?" అని మద్దిలేటి భయపడుతూ అడిగాడు.

కమలనాభం రిజిస్టరులో మూడు వరుసలూ మళ్లీ చూశాడు. "ముగ్గురికీ పుట్టుకతోనే లేదనుకున్నచో," అన్నాడు, "అది వంశలక్షణము. అనగా వీరు సోదరులు." అనేశాక, ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. మళ్లీ అన్నాడు, "సోదరులు. ముగ్గురు అన్నదమ్ములు. ఒకే గోడ. వంతులవారీగా. తగాదా లేకుండా!"

ఆ రాత్రే జిల్లాకు నివేదిక వెళ్లింది.

*

ఇరవై రోజులకు జిల్లా నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. పెరట్లో షామియానా వేశారు. అధ్యక్షుడు లేచి మాట్లాడాడు. మగ తొండ తన హద్దులోకి మరో మగ తొండను రానివ్వదని గ్రంథాలు ఘోషిస్తున్నాయని, రాళ్లదిన్నె ఆ గ్రంథాలను తిరగరాసిందని, మానవుడు ఈ గోడను చూసి సిగ్గుపడాలని అన్నాడు. రెండో సభ్యుడు జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. ఆయనకూ ఆయన తమ్ముడికీ ఇలాంటి గోడ మీదే పద్నాలుగేళ్లుగా కోర్టులో కేసు నడుస్తోందట.

నాగవేణి మధ్యలో లేచి, "సార్, నిజానికి అది ఒకటే..." అంది. ఈశ్వరమ్మ ఆమె జడ పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆవరణను 'సోదర సహజీవన స్థలం'గా ప్రకటించారు. గోడకు పన్నెండడుగుల లోపు గృహస్థుడు ఇటుక పెట్టరాదు, రాయి తీయరాదు. పెరడు మొత్తం పద్నాలుగడుగులు. మద్దిలేటికి శాలువా కప్పారు. నిన్నటిదాకా తోకలు కోసిన మనిషి ఇవాళ ఆతిథేయుడయ్యేసరికి ఆయన శాలువా తీయకుండా అలాగే కూర్చున్నాడు.

ఉపన్యాసాల మధ్య సుంకులమ్మకు పైకి పోవలసి వచ్చింది. నడుము పట్టుకుని లేచి, మెట్ల దగ్గరకు పోయి, కూర్చుని, ఒక్కోటీ వెనక్కు ఎక్కసాగింది. షామియానా పక్కనే మెట్లు. అధ్యక్షుడు మాట ఆపి చూశాడు.

"చూడండి! ఆ వృద్ధమాత సైతం నివాసులను తనివితీరా చూడాలని పైకి వెళ్తున్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆరో మెట్టు మీద సుంకులమ్మ ఆగి, ఎందుకు కొడుతున్నారో తెలియక చేతులు జోడించింది. జోడించిన చేతులకు పట్టు లేక పక్కకు ఒరిగింది. పీరా రిజిస్టరు కింద పడేసి పరిగెత్తి భుజం పట్టుకున్నాడు.

ఈశ్వరమ్మ కూడా లేచింది, కానీ అప్పటికే పీరా అక్కడున్నాడు. ఆమె నిలబడ్డచోటే నిలబడిపోయింది.

"చివరగా," అన్నాడు అధ్యక్షుడు, "నివాసుల సౌకర్యార్థం ఏమేమి కల్పించాలో, వారిని దగ్గరగా ఎరిగిన గృహిణి సూచిస్తే పురపాలక సంఘమే నిర్మించి ఇస్తుంది."

మద్దిలేటి ఏమీ అక్కరలేదని చెప్పబోయాడు.

"ఒక గది కావాల సార్," అంది ఈశ్వరమ్మ.

"గదా?"

"చిన్నది. ఆరడుగులకు ఐదడుగులు. బెదిరే జీవాలు కదా, మరుగు కావాల. తలుపు, లోపల గడియ."

"లోపల ఎందుకమ్మా?"

"బయటుంటే పిల్లి తీస్తుంది సార్."

కమలనాభం తలూపి పీరాకు సైగ చేశాడు. పీరా సుంకులమ్మను పైకి చేర్చి వచ్చి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"కుళాయి ఒకటి. నీళ్లు పోయేదానికి తూము. నేల గరుగ్గా ఉండాల, నున్నటి టైల్సు వద్దు. కాలు జారుతుంది."

"తొండకా?"

"పెద్దవైనాక ఎవురికైనా జారుతుంది సార్. గోడకు నడుమెత్తున ఇనుప కడ్డీ కావాల. తొండలు దేన్నో ఒకదాన్ని గట్టిగా పట్టుకునే నిద్రపోతాయంట, మా పాప పుస్తకంలో ఉంది."

"ఉంది సార్," అంది నాగవేణి లేచి. ఈసారి తనే కూర్చుంది.

"గుడ్లు పెట్టేదానికి గుంత ఒకటి."

కమలనాభం గొంతు సవరించుకున్నాడు. "నమోదైన ముగ్గురూ మగవారు కదమ్మా."

"ఇప్పటికి సార్. రేపు ఆడవి వస్తే? మళ్లీ ఆర్డరు కోసం జిల్లాకు పోవాల."

"దూరదృష్టి!" అన్నాడు అధ్యక్షుడు. "రాసుకోండి."

"ఉత్త మట్టి గుంతైతే గుడ్లు చీమల పాలు సార్. పింగాణీదైతే చీమ ఎక్కలేదు. అడుగున్నర ఎత్తులో ఉండాల. పైన మూత ఉండాల."

పీరా పెన్ను ఆగింది. ఈశ్వరమ్మను చూశాడు. మెట్ల మీద కూర్చుని ఒక్కోటీ దిగుతున్న సుంకులమ్మను చూశాడు. తర్వాత తల వంచుకుని స్పష్టంగా రాశాడు: 'గుడ్ల గుంత, పింగాణీ, తెలుపు, మూత సహితము: ఒకటి.'

*

జిల్లా ఉత్తర్వు కనుక పని ఆగలేదు. మూడు వారాల్లో గది లేచింది. కుళాయి, తూము, కడ్డీ, గరుకు బండలు, తెల్లటి గుంత, అన్నీ రాసినవి రాసినట్టే వచ్చాయి. కమలనాభం రిబ్బను కత్తిరించి, శుభ్రం చేయడానికని తాళంచెవి మద్దిలేటి చేతికిచ్చి, తలుపు పైన బోర్డు కొట్టించి వెళ్లాడు: 'నమోదిత నివాసులకు మాత్రమే ప్రవేశము.'

తొండ ఆ గదిలోకి ఒక్కసారి కూడా పోలేదు. దానికి కుళాయి నీళ్లతో పని లేదు, పొద్దున్నే ఆకుల మీది మంచు నాకితే చాలు. గది కప్పు మాత్రం నచ్చింది. గోడ కంటే ఎత్తుగా ఉంది కనుక అక్కడెక్కి దండీలు తీసింది.

సుంకులమ్మ కూడా పోలేదు. మద్దిలేటి తాళంచెవిని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

"బోర్డు కనపడ్డంలేదా? నమోదిత నివాసులకు మాత్రమే అని రాసినారు. ఎవరన్నా చూసి రాస్తే? ఈసారి నోటీసు నా ఉద్యోగానికే వస్తుంది."

"చూసేది ఎవురండీ? తొండనా?"

"చట్టమే!"

తొమ్మిది రోజులు ఖాళీ గది పక్కనుంచి సుంకులమ్మ పదహారు మెట్లు ఎక్కింది, దిగింది. పదో రోజు వాన పడి మెట్లు తడిశాయి. ఎక్కలేక పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంది. ఎందుకు తాగలేదని ఈశ్వరమ్మ అడిగితే, "దప్పిక లేదులేమ్మే," అంది.

మరునాడు మద్దిలేటి ఆఫీసుకు పోయాక ఈశ్వరమ్మ పీరాకు కబురు చేసింది. పీరా ఫారంతో ఉదయం వచ్చాడు, మధ్యాహ్నం వచ్చాడు, సాయంత్రం వచ్చాడు. వచ్చినప్పుడల్లా టీ తాగాడు, రాసుకున్నాడు, వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత రాత్రి అందరూ జొన్నరొట్టెకు కూర్చున్నారు. ఈశ్వరమ్మ అందరికీ వడ్డించి, అత్త కంచంలో రొట్టె తుంచి పెట్టి, తనూ కూర్చుని, మామూలు గొంతుతోనే చెప్పింది.

"అత్తను రిజిస్టరులో రాయించినా. నాలుగో నంబరు."

మద్దిలేటి చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఏ రిజిస్టరులో?"

"గోడది. ఆ గోడను ఆనుకుని బతికే జీవి ఏదైనా రాయొచ్చంట. పొద్దున్నే గోడకు వీపు ఆనించి ఎండ కాచుకుంటుంది కదా, పీరన్న కండ్లారా చూసి రాసుకున్నాడు. సంతకం అయింది, సీలు పడింది. కమలనాభం సార్ కూడా చూసినాడు. మూడు పూటలా అదే రంగుందంట, అటువంటి నివాసి జిల్లాలోనే లేదని మెచ్చుకున్నాడంట."

నాగవేణి నవ్వు ఆపుకోలేక నీళ్ల చెంబు ఎత్తుకుంది.

"అభ్యంతరం దగ్గర ఏం రాయించినావు?" అని అడిగింది సుంకులమ్మ.

"మెట్లకు ఉంది, గదికి లేదు అని."

సుంకులమ్మ కాసేపు రొట్టె నమిలింది. "సరిగ్గానే రాయించినావులే," అంది.

మద్దిలేటి ఆలోచించాడు. సంతకం ఉంది. సీలు ఉంది. నంబరు ఉంది. ఎక్కడా లోపం కనపడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి తల్లి కంచం పక్కన పెట్టాడు.

"రేపు ఆరుకు నీళ్లు కాచి పెడతా," అంది ఈశ్వరమ్మ పప్పు గిన్నె అందుకుంటూ. "అత్త అయినాకే ఎవురైనా."